దారి చెప్పే అమ్మాయికి మన వూరు తెలుసా?

పుస్తకాలకి సమీక్షలు రాస్తారు. సినిమాలకి రాస్తారు. ఆఖరికి గ్రైండర్లకీ, ప్రెషర్ కుక్కర్లకీ కూడా ఏది కొనాలో ఏది కొనకూడదో చెప్పేవాళ్ళున్నారు. కాని గుమ్మం దాటింది మొదలు మనల్ని "ఇటు తిరుగు, అటు తిరుగు" అని ఆడించే ఫోనులోని మ్యాపు గురించి మాత్రం ఆడవాళ్ళ పేజీల్లో ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఎవరైనా రాస్తే అది ఇంజనీర్ల భాషలో వుంటుంది. ఎంత మెమొరీ తింటుంది, ఎంత బ్యాటరీ తాగుతుంది అని. తిండీ తాగుడూ సరేనండీ, దానికి మన వూరు తెలుసా తెలియదా అన్నది కదా ముందు చెప్పవలసింది!

నేను నవలలు రాసుకునేదాన్ని. సైన్సుతో నా చుట్టరికం పదో తరగతితోనే తెగిపోయింది. అయినా ఈ పనికి ఎందుకు పూనుకున్నానంటే, మ్యాపు కూడా ఒక రచనే అని నా నమ్మకం. ఎవరో ఒకరు ఒక వూరిని చూసి, ఇందులో ఏది చెప్పాలి, ఏది వదిలెయ్యాలి అని ఎంచుకుని, పేర్లు పెట్టి మన చేతికిస్తారు. మేము నవలలో చేసేదీ అదే. బెజవాడ నేపథ్యంగా కథ రాస్తూ, సాయంత్రం ఆరింటికి బీసెంటు రోడ్డులో కథానాయిక కారు రివ్వున దూసుకుపోయిందని రాశామనుకోండి, బెజవాడ పాఠకురాలు అక్కడే పుస్తకం మూసేస్తుంది. శైలి ఎంత అందంగా వున్నా సరే, వూరు తెలియని రచయితని ఆమె క్షమించదు. సినిమావాళ్ళు నేటివిటీ అంటారే, అది లేదంటుంది. మరి అదే పాఠకురాలు దారి చెప్పే మ్యాపు దగ్గరికొచ్చేసరికి ఫోనుతో పాటు వచ్చినదాన్ని వచ్చినట్టే ఎందుకు నమ్మేస్తుందో నాకర్థం కాదు.

ముందు ఒక అపోహ తీర్చుకుందాం. చాలామంది, పైనున్న ఉపగ్రహం మనల్ని చూస్తూ దారి చెబుతోందనుకుంటారు. మా ఆడపడుచు అయితే ఫోనులో మ్యాపు తెరిచినప్పుడల్లా పమిట సర్దుకుంటుంది. "వదినా, పైనుంచి చూస్తుంటారటగా!" అని. ఎవరూ చూడరు. జీపీఎస్ అనే ఆ అమెరికా ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "ఇప్పుడు టైమెంత, నేనెక్కడున్నాను" అన్న రెండు ముక్కలూ అస్తమానం చెప్పుకుంటూ పోతాయి. మన ఫోను వింటుంది, అంతే. రేడియోలో పాట వస్తూంటే ఆ పాట మనం వంటింట్లో వింటున్నామని ఆకాశవాణికి తెలుస్తుందా? ఇదీ అలాగే. నాలుగు ఉపగ్రహాల మాటలు ఒక్కసారి చెవిన పడితే, ఏ మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో లెక్కకట్టి ఫోను తానెక్కడుందో తేల్చుకుంటుంది. 2000 మే నెల దాకా అమెరికావాళ్ళు మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే కాస్త చెడగొట్టి పంపేవారు. అది మానేశాకే ఈ దారి చూపే వ్యాపారమంతా వూపందుకుంది. మనకూ సొంత ఉపగ్రహాలున్నాయి. మన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటిది, 2016 ఏప్రిల్ 28న ఏడోది ఎగిరాయి. ఆ మాలకి నావిక్ అని పేరు పెట్టారు. కొన్ని ఫోన్లు ఇప్పుడు ఆ మాట కూడా వింటాయి.

ఇంతకీ ఈ ఉపగ్రహాలన్నీ కలిసి చెప్పేది రెండే రెండు అంకెలు. అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత. అక్కడ గుడి వుందా, చెరువు వుందా, మునిసిపాలిటీవాళ్ళు నిన్న తవ్విన గొయ్యి వుందా అన్నది వాటికి పట్టదు. అది మ్యాపు పని. ఉపగ్రహం అందరికీ ఒకటే; మ్యాపులే వేరు వేరు. "శాటిలైటు తప్పు చెప్పిందండీ" అని విసుక్కోవడం, వుత్తరంలో వున్న కబురు బాగాలేదని పోస్టుమాన్‌ని తిట్టినట్టు. ఎంచుకోవలసింది మ్యాపుని.

పూర్వం మ్యాపు గీసినవాళ్ళు నడిచి గీశారు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో విలియం లాంబ్టన్ గొలుసులు పరిచి కొలత మొదలెట్టాడు. ఆయన దగ్గర పనిచెయ్యడానికి 1818లో హైదరాబాదు చేరిన జార్జ్ ఎవరెస్టు, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలుస్తూ జ్వరంపడి, కోలుకోవడానికి ఆఫ్రికా కొసన కేప్ దాకా వెళ్ళవలసి వచ్చింది. (హిమాలయ శిఖరానికి ఆయన పేరు పెట్టారు గాని, ఆయన్ని పడగొట్టింది మన వైపు దోమ.) 1908లో మూసీ పొంగి హైదరాబాదుని ముంచేశాక, 1910ల్లో లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో ఆ నగరాన్ని వీధి వీధీ, కట్టడం కట్టడం గీయించారు. నాటి హైదరాబాదు కథ రాయాలంటే ఇప్పటికీ ఆ పటాలే దిక్కు. కాలికి మట్టి అంటించుకున్న పటాలవి.

ఇప్పటివాళ్ళ సంగతి చూద్దాం. మనకు ముఖ్యంగా మూడు ఇళ్ళ వంట దొరుకుతోంది.

మొదటిది అందరికీ తెలిసిన గూగుల్ మ్యాప్స్, 2005లో పుట్టింది. మన పల్లెల విషయంలో దానికి గొప్ప మేలు చేసినాయన పేరు లలితేష్ కాట్రగడ్డ. ఇంటిపేరు వినగానే మనవాళ్ళకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఎవరి వూరు వాళ్ళే గీసుకునే మ్యాప్ మేకర్ అన్న పనిముట్టు 2008లో వచ్చింది ఆయన చలవే. 2017లో దాన్ని మూసేశారు. ఇక గూగుల్‌కి అసలు బలం జనం. రోడ్డు మీద వెళ్ళే వేలాది ఫోన్ల వేగాన్ని బట్టి ఎక్కడ ట్రాఫిక్ ఆగిందో చెబుతుంది. దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, కల్యాణ మండపాలు దానిలో వున్నన్ని ఇంకెక్కడా నేను చూడలేదు. 2018లో తెలుగులో దారి చెప్పడం మొదలెట్టింది. 2024లో ఇరుకు సందులు తప్పించే ఏర్పాటు మొదలెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాదు కూడా వుంది. ఫ్లైఓవరు ఎక్కాలో వద్దో ముందే చెప్పడం కూడా అప్పుడే. మెహిదీపట్నంలో పైకి ఎక్కేసి, ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు దూరం దిగే చోటు కోసం దేవుణ్ణి తలుచుకున్నవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది. అయితే జనం బలమే దీని బలహీనత కూడా. నలుగురు తిరిగే చోట అన్నీ తెలుసు. ఎవరూ ఫోను పట్టుకుని తిరగని మెట్ట పొలాల మధ్యకి వెళితే, పట్నం పెళ్ళికొడుకు పల్లెటూరి అత్తారింటికి వచ్చినట్టు బిక్కమొహం వేస్తుంది.

రెండోది మ్యాపుల్స్. మ్యాప్‌మైఇండియా అనే మన దేశపు కంపెనీది. 1995లో రశ్మీ వర్మ, రాకేశ్ వర్మ అనే దంపతులు మొదలుపెట్టారు. ఇంటర్నెట్టు అంటే ఏమిటో మనకి సరిగా తెలియని రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని దేశం మ్యాపు అమ్ముదామనుకోవడం నాకు ఏ నవలలోని సాహసం కన్నా తక్కువగా కనిపించదు. సర్వే మనుషుల్ని రోడ్ల మీదికి పంపి తయారుచేసిన పటం అది. పెద్ద కూడలి దగ్గర ఏ వరసలో వెళ్ళాలో బొమ్మ కట్టి చూపిస్తుంది. స్పీడు బ్రేకర్లూ గుంటలూ ముందే హెచ్చరిస్తుంది. నడుం నొప్పి వున్న మా వయసువాళ్ళకి ఇది చిన్న సుగుణం కాదు. 2025 అక్టోబరులో ఒక కేంద్రమంత్రి మెచ్చుకున్నాక చాలామంది కొత్తగా పెట్టుకున్నారు. స్వదేశీ కదా అన్న ఒక్క మాట మీద దీన్ని ఎంచుకోమని మాత్రం నేను చెప్పను. ఖద్దరైనా సరే ఒంటికి సరిపడాలి కదా. గూగుల్ కన్నా వాడేవాళ్ళు తక్కువ గనుక, ఈ క్షణాన ఏ రోడ్డు కిక్కిరిసిందన్న కబురు అందడంలో ఇది కాస్త వెనకబడడం సహజం.

మూడోది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలెట్టాడు. ఇది కంపెనీ కాదు. మన గ్రంథాలయోద్యమం లాంటిది. ఎవరికి వారు వాళ్ళ వీధి గీసి పెడతారు, అందరూ వాడుకుంటారు. దీని మీద ఆధారపడి ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు వచ్చాయి. ముందే జిల్లాలకి జిల్లాలు ఫోనులోకి దింపుకుంటే సిగ్నలు లేని చోటా పనిచేస్తాయి. ఏజెన్సీలో చుట్టాలున్నవాళ్ళకీ, శ్రీశైలం అడవి దారిన వెళ్ళేవాళ్ళకీ వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఇది అక్కడక్కడా మహా కావ్యం, అక్కడక్కడా తెల్ల కాగితం. ఏ వూళ్ళో అయితే ఓ శ్రద్ధగల కుర్రాడు కూర్చుని గీశాడో అక్కడ చెరువు గట్టు మీది కాలిబాట కూడా కనిపిస్తుంది. పక్క వూళ్ళో అలాంటివాడు లేడు, వూరే లేదు! గీసేవాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువని ఈ విషయం మీద పరిశోధన చేసినవాళ్ళంతా చెబుతారు. అందుకే కాబోలు పెట్రోలు బంకు వున్నంత శ్రద్ధగా, పురుళ్ళు పోసే ఆస్పత్రి గేటు ఏ వైపు వుందో ఎవరూ రాయరు.

ఇక నేటివిటీ విషయానికి వద్దాం. నా దృష్టిలో అసలు పరీక్ష పేర్ల దగ్గరే మొదలవుతుంది.

బెజవాడలో బందరు రోడ్డు వుంది. దాని అసలు పేరు మహాత్మాగాంధీ రోడ్డు. ఏలూరు రోడ్డు వుంది. దాని అసలు పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు. గాంధీగారి రోడ్డుకీ మార్క్స్‌గారి రోడ్డుకీ మధ్య కాపురాలున్న వూరు మరొకటి వుందో లేదో గాని, "కార్ల్ మార్క్స్ రోడ్డుకి పోనియ్యవయ్యా" అని ఆటో ఎక్కిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. హైదరాబాదులో లిబర్టీ చౌరస్తాకి పేరిచ్చిన సినిమా హాలు లేదు, చౌరస్తా వుంది. సికింద్రాబాదు సంగీత్ దగ్గరా అదే కథ. లకడీకాపూల్లో కర్ర వంతెన ఎప్పుడో పోయింది. వూరంటే ఇదే మరి. పోయినవాటి పేర్లతో వున్నవాటికి దారి చెప్పుకోవడం. మంచి మ్యాపుకి రెండు పేర్లూ తెలిసి వుండాలి. బోర్డు మీది పేరూ, నోటి మీది పేరూ. జిల్లాల విషయంలోనూ అంతే. తెలంగాణాలో 2016లో పది జిల్లాలు ముప్ఫయ్యొకటి అయ్యాయి, ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవయ్యారు అయ్యాయి. అమలాపురం పెళ్ళి శుభలేఖ మీద పెద్దలు అలవాటు కొద్దీ "తూర్పు గోదావరి జిల్లా" అని వేయించినా మ్యాపు దారి తప్పకూడదు, కోనసీమ జిల్లా అని వేయించినా తప్పకూడదు.

తెలుగు అక్షరాల సంగతి మరీ తమాషా. గూగుల్‌వాళ్ళు 2021లో మన దేశంలోని పేర్లని తెలుగుతో సహా పది భాషల్లోకి యంత్రం చేత మార్పించడం మొదలెట్టారు. మంచిదే, ఇంగ్లీషు రాని మా పెద్దత్తయ్యలాంటివాళ్ళకి ఎంతో మేలు. కాని చిక్కంతా యంత్రం చేతికి ముందు ఇంగ్లీషు పేరు రావడంలో వుంది. పేరు పుట్టింది తెలుగులో. దొరల చేతిలో ఇంగ్లీషు అయింది. మళ్ళీ ఇంగ్లీషులోంచి తెలుగుకి తిరిగొస్తోంది. తణుకులోని 'ణ' ఇంగ్లీషుకి వెళ్ళొచ్చేసరికి 'న' అయిపోవడానికి ఎంతసేపు? ఇంగ్లీషు అక్షరాల్లో మన త, ట ఒకటే. ద, డ ఒకటే. దీర్ఘాల మాట అడక్కండి. అమెరికా వెళ్ళొచ్చిన మనవడు తాతగారి పేరు పలికినట్టుంటుంది. ఏ యాప్ అయినా సరే, మీ చుట్టుపక్కల పది వూళ్ళ పేర్లు తెలుగులో ఎలా వున్నాయో చూడండి. పదింటిలో నాలుగు నవ్వు తెప్పిస్తే, ఆ మ్యాపు మీ జిల్లా మనిషి ఎవరికీ చూపించకుండానే అచ్చుకి వెళ్ళిందన్నమాట.

ఆ దారి చెప్పే గొంతు గురించి కూడా ఒక్క మాట. అమ్మాయి గొంతు తియ్యగానే వుంటుంది. కాని ఆమె తెలుగు రేడియో తెలుగూ కాదు, బజారు తెలుగూ కాదు. ఇన్ని మీటర్ల తరువాత, అన్ని మీటర్ల తరువాత అని లెక్క చెబుతుంది. బజారుకి వెళ్ళేటప్పుడు మీటర్ల టేపు పట్టుకెళతామా? "నీళ్ళ ట్యాంకు దాటాక" అంటే ఒక్క మాటలో తేలిపోయేది.

డోర్ నంబర్ల మాట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మన ఇళ్ళ నంబర్లు చూశారుగా, వార్డూ బ్లాకూ ఇల్లూ గీతలతో కలిపి, కింద బై వేసి, పక్కన 'ఎ' పెట్టి, బీజగణితం లెక్కలా వుంటాయి. పన్నెండో నంబరు పక్కన పదమూడు వుండాలన్న నియమం కూడా ఏమీ లేదు. ఫోను ఆరుబయట వుంటే సుమారు అయిదు మీటర్ల తేడాతో మనల్ని గుర్తుపడుతుంది. మేడల మధ్య ఇరుకు సందులో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మన సందుల్లో అయిదు మీటర్లంటే వెనక వీధి! తపాలా శాఖవాళ్ళు 2025 మేలో డిజిపిన్ అని పది అక్షరాల గుర్తు ఒకటి తెచ్చారు. ఐఐటీ హైదరాబాదు, ఇస్రోలతో కలిసి చేసిన పని. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా చీరలా విడదీసి ఒక్కో గడికీ ఒక్కో గుర్తు ఇచ్చారు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినప్పుడూ మా అమ్మమ్మలు "ఈ ఆరంకెలు ఎవరికి గుర్తుంటాయే" అన్నవాళ్ళే. ఇప్పుడు చంటిపిల్లలు కూడా చెబుతారు. డిజిపిన్‌కి ఆ రోజు వస్తుందేమో చూడాలి. అప్పటిదాకా మాత్రం "రామాలయం వెనక సందు, మెట్ల మీద తులసికోట వున్న ఇల్లు" అన్నదే మన చిరునామా.

ఇదంతా సరదాకి చెబుతున్నానని అనుకోకండి. ఈ విమర్శ రాయడానికి నన్ను పురికొల్పింది సరదా కాదు.

మా పిన్ని కూతుర్ని నెలలు నిండి నొప్పులొస్తుంటే అర్ధరాత్రి కారులో తీసుకెళ్ళారు. వాళ్ళుండే పట్నానికి అల్లుడు కొత్త. ఫోనులో ఒక మ్యాపు పెట్టుకుని దాని మాట ప్రకారం వెళ్ళాడు. "గమ్యం చేరారు" అందది. ఎదురుగా నిలువెత్తు ప్రహరీ గోడ. ఆస్పత్రి గోడే, అందులో సందేహం లేదు. కాని వెనక వైపు గోడ. గేటు అవతలి వీధిలో వుంది. చుట్టూ తిరిగి గేటు చేరడానికి పట్టింది ఆరు నిమిషాలట. ఆరు నిమిషాలేగా అంటే, ఆ అమ్మాయిని అడగండి. తల్లీ బిడ్డా క్షేమం గనుక ఇప్పుడు నవ్వుతూ చెబుతోంది. తరువాత ఇంజనీరు మేనల్లుణ్ణి కూర్చోబెట్టి దాని మర్మం అడిగాను. ఆస్పత్రి గుర్తుని ఆవరణ నడిమధ్య పెడతారట. ఆ గుర్తుకి ఏ రోడ్డు దగ్గరగా వుంటే ఆ రోడ్డు దాకా తీసుకెళ్ళి పని అయిపోయిందనుకుంటుందట మ్యాపు. గేటు ఎక్కడుందో ఎవరో ఒకరు విడిగా గుర్తుపెడితే తప్ప దానికి తెలియదు. గోడకీ గేటుకీ తేడా తెలియకపోవడమన్నమాట! ఫంక్షన్ హాళ్ళ వెనక చెరువు గట్టున పట్టుచీరలతో నిలబడి పోయిన మనమంతా ఈ మర్మానికి బాధితులమే. శుభలేఖ మీద అచ్చువేసిన ఆ గళ్ళ బొమ్మని ఫోనుకి చూపిస్తే హాలు దొరుకుతుంది, నిజమే. గేటు దొరుకుతుందని ఎవరన్నారు?

గేటు దగ్గర పోయేది ఆరు నిమిషాలు. వంతెన దగ్గర ప్రాణాలే పోతాయి. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ముగ్గురు మనుషులు కారుతో సహా అసంపూర్తి వంతెన మీంచి రామగంగలో పడి చనిపోయారు. వాళ్ళు ఫోను చెప్పిన దారినే వెళ్ళారని వార్త. వరదకి వంతెన కొన కొట్టుకుపోయింది. పటంలో మాత్రం అది చెక్కుచెదరలేదు. అదే సంవత్సరం మేలో మన హైదరాబాదు నుంచి కేరళ చూడ్డానికి వెళ్ళిన నలుగురు కొట్టాయం జిల్లాలో కురుప్పన్తర దగ్గర రాత్రివేళ మ్యాపు చూసుకుంటూ నడిపి, వాన నీళ్ళు రోడ్డుని ముంచెత్తిన చోట వాగులోకి దిగిపోయారు. వూరివాళ్ళూ పోలీసులూ లాగబట్టి బతికిపోయారు, కారు మునిగింది. మ్యాపుకి రోడ్డు అంటే గీత. గీత మీద నీళ్ళుంటాయా? హైదరాబాదులో 2022 జులైలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసారాంబాగ్ వంతెనా, చాదర్‌ఘాట్ చిన్న వంతెనా మూసేశారు. ఆ పక్కన కాపురముండేవాళ్ళకి ఆకాశం రంగు చూస్తేనే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆకాశంలోనే వుండే ఉపగ్రహానికి తెలియదు.

మరో సంగతి మనకే ప్రత్యేకం. ఏ మ్యాపునడిగినా నిమిషాలు చెబుతుంది. ఫలానా దారిన వెళితే నాలుగు నిమిషాలు కలిసొస్తాయంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి ఒంటరిగా ఆటో ఎక్కిన ఆడది లెక్కపెట్టేది నిమిషాలు కాదు, వీధి దీపాలు. ఒకసారి హైదరాబాదులో సాహిత్య సభ నుంచి ఆలస్యంగా తిరిగొస్తుంటే, నా ఫోనులోని అమ్మాయి కొత్త లేఅవుట్ల మధ్యకి తిరగమంది. ఆటో అబ్బాయి బండి ఆపి, "గా గల్లీలకెళ్లి వద్దు మేడం, లైట్లు లెవ్వు. మెయిన్ రోడ్డుకెళ్లి పోదాం, పైసలు ఎక్కువ అడగ" అన్నాడు. ఆ అబ్బాయికి వున్నపాటి ఇంగితం వున్న మ్యాపు ఇంకా నా చేతికి రాలేదు. దగ్గర దారి, తొందర దారి, టోలు లేని దారి, ఇన్ని రకాలు చూపించేవాళ్ళు వెలుతురున్న దారి అని ఒకటి ఎందుకు పెట్టరో! ఈ యాప్‌లు తయారుచేసే గదుల్లో ఈ ప్రశ్న అడిగే ఆడపిల్లలు ఎంతమంది వున్నారో మరి.

ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పమంటే చెప్పను. చెబితే అది విమర్శ కాదు, ప్రకటన అవుతుంది. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూస్తాం కదా. తెలియని వూరు వెళ్ళేటప్పుడు మ్యాపుని నమ్మాలా వద్దా అన్నది తెలిసిన వూళ్ళోనే తేల్చుకోవాలి. మీ ఇంటి నుంచి మీ పుట్టింటికి దారి అడగండి. రైల్వే గేటు వుంటే దాని సంగతి దానికి తెలుసా? ఆ మధ్య కట్టిన వంతెన ఎక్కిందా? ఒకవైపే వెళ్ళవలసిన వీధిలోకి ఎదురు వెళ్ళమంటోందా? మీ వీధి మలుపులో మందుల షాపు మూసేసి మూడేళ్ళయితే అది ఇంకా తెరిచే వుందంటోందా? మీకు దగ్గర్లోని ఆస్పత్రికి రాత్రివేళ కాదు, పగలే తీరిగ్గా ఒకసారి అది చెప్పినట్టు వెళ్ళి చూడండి, గేటు దగ్గర దింపుతుందో గోడ దగ్గర దింపుతుందో. ఒక పూట ఇంటర్నెట్టు ఆపేసి నడిపించి చూడండి. ఆ తరువాత తప్పు కనిపిస్తే దాన్ని దిద్దమని పంపండి. అన్నిట్లోనూ ఆ ఏర్పాటు వుంది. వారంలో దిద్దిందా, ఆరు నెలలైనా వులుకూ పలుకూ లేదా? నేను రచయితల్ని తూచేది కూడా అక్కడే. తప్పు రాయని రచయిత వుండదు. పాఠకురాలు వుత్తరం రాస్తే రెండో ముద్రణలో దిద్దుకునేవాళ్ళూ, దిద్దుకోనివాళ్ళూ అని రెండు రకాలుంటారు.

ఈ పరీక్షలో నెగ్గేది వూరి వూరికీ మారుతుంది. హైదరాబాదులో నేను గూగుల్‌నే పెట్టుకుంటాను, ట్రాఫిక్ కోసం. పొడుగు ప్రయాణాల్లో మావారు మ్యాపుల్స్ అంటారు, స్పీడు బ్రేకర్ల కోసం. సిగ్నలు దొరకని చోట్లకి ఓపెన్ స్ట్రీట్ మ్యాపుని ముందే దింపి వుంచుకుంటాను. చిక్కు వచ్చేది గోదావరి దాటేటప్పుడే.

నరసాపురం నుంచి అంతర్వేది స్వామి దర్శనానికి వెళ్ళాలంటే వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగాలి. పంటు మీద మనుషులూ మోటారు సైకిళ్ళూ కార్లూ అన్నీ ఒక్కటిగా దాటతాయి. పంటు లేకపోతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, దిండి, మలికిపురం చుట్టి రావాలి. మ్యాపులకి ఈ రేవు ఓ పెద్ద ధర్మసందేహం. రేవు అంటే కొన్నిటికి దారి తెగిపోయిన చోటు. కొన్నిటికి వంతెన లాంటిదే, వేళాపాళా లేకుండా ఎప్పుడూ వుండేది. నిజం ఈ రెండూ కాదు. గోదావరి నిండుగా వస్తే పంటు ఆగిపోతుంది. అవతలి ఒడ్డుకి వెళ్ళిందంటే తిరిగొచ్చేదాకా ఇవతలివాళ్ళు కూర్చోవాలి. ఎంతసేపు కూర్చోవాలన్నది నీటిని బట్టి, గాలిని బట్టి, నడిపేవాళ్ళు భోజనానికి వెళ్ళారా లేదా అన్నదాన్ని బట్టి వుంటుంది. అందుకని నరసాపురం రేవులో టీ కొట్టు నడిపే ఆవిడ ఫోను నంబరు నా డైరీలో రాసిపెట్టుకున్నాను. బయల్దేరే ముందు ఆవిడకి ఫోను చేస్తాను. "పంటు తిరుగుతోందామ్మా?" అంటే, "తిరుగుతోంది గాని, నీళ్ళు ఎర్రగా వొస్తున్నాయండీ. సాయంకాలం తిరుగు ప్రయాణానికి నమ్మకం చెప్పలేను, వంతెన మీంచే రండి" అంటుంది.